కొత్త బ్యాటరీ కొనేముందు మల్టీమీటర్ పట్టండి

బండి స్టార్ట్ కాలేదంటే అందరూ ముందు బ్యాటరీనే తిడతారు. రాత్రంతా ఆగి ఉన్న కారులో బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే మీటరు) 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జ్, 12.2 అంటే దాదాపు సగమే. స్టార్టర్ తిరిగేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ బలహీనం. వోల్టేజి పడకుండా 'టక్' మని ఒక్క చప్పుడుతో ఆగిపోతే సోలనాయిడ్ (స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్) కాంటాక్టులు, స్టార్టర్ మోటారు, ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపే తీగ) చూడాలి. టెర్మినళ్ల మీద తెల్లపొడి పేరుకున్నా ఇదే తంతు; ముందు అది గీకి, గట్టిగా బిగించండి. పైసా ఖర్చు లేని పని.

ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 రావాలి. 12.6 దాటకపోతే ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటర్) బెల్టు జారుతోందేమో, దాని బ్రష్‌లు అరిగాయేమో. 15 దాటితే ఆ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌ను అనుమానించాలి.

నడుస్తున్న ఇంజన్‌కు బ్యాటరీ కేబుల్ పీకి పరీక్షించే పాత అలవాటు మాత్రం వద్దు. వోల్టేజి ఒక్కసారిగా ఎగసి ఆల్టర్నేటర్ డయోడ్లు, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) కాలిపోవచ్చు.