బాల్కనీల బొగ్గుల గ్రిల్ పెట్టకండి, డాబా మీదైతే ఇట్ల చేయండి

డిసెంబర్ వచ్చిందంటే హన్మకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్ల గ్రూపులల్ల ఒకటే ముచ్చట, ముప్పై ఒకటి రాత్రికి చికెన్ ఎవరు తెస్తరు, గ్రిల్ ఎవరి దగ్గరుంది, బొగ్గులు ఎన్ని కిలోలు కావాలె అని. దావత్ మంచిగ చేసుకోండి, కాని గ్రిల్ యాడ పెడ్తరో ముందే మాట్లాడుకోండి, బాల్కనీల మాత్రం అస్సలు వద్దు.

"మనది స్లాబ్ బిల్డింగ్ కదా, ఏం కాలుతది" అంటరు. గోడ కాలదు, నిజమే. మరి పావురాలు రాకుండ కట్టిన నైలాన్ వల, ఆరేసిన బట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఏసీ వైర్లు, కొందరిండ్లల్ల స్పేర్ సిలిండర్ కూడ ఆడనే ఉంటది కదా? మంట ఎప్పుడైన పైకే పోతది కాబట్టి ముందు అంటుకునేది పై ఫ్లోర్ వాళ్ల బాల్కనీ, పాపం వాళ్లకి కింద దావత్ నడుస్తుందన్న సంగతే తెల్వదు. చలి పెడ్తుందని గ్రిల్‌ని ఇంట్లకి జరిపేటోళ్లు కూడ ఉన్నరు, అది ఇంకా డేంజర్, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు వాసన ఏం ఉండవు, మనిషికి తెల్వకుండనే ప్రాణం తీస్తది.

అమెరికాల చాలా ఊర్లు పాటించే ఇంటర్నేషనల్ ఫైర్ కోడ్‌ల దీనికి రూలే ఉంది, అపార్ట్‌మెంట్లల్ల కాలే గుణమున్న బాల్కనీ మీద గాని, కాలే కట్టడానికి 10 అడుగుల లోపల గాని బొగ్గుల గ్రిల్ వెలిగించొద్దు, మంట లేస్తే వాటంతటవే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉన్నకాడ మినహాయింపు, సొంత ఇండ్లకి కూడ మినహాయింపే. ఇక్కడ కూడ నిప్పుతోని అజాగ్రత్తగ ఉండి పక్కోళ్ల ప్రాణం మీదికి తెస్తే నేరమే, 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 287 కింద ఆరు నెలల దాక జైలు, లేదంటే 2000 రూపాయల దాక జుర్మానా, లేకుంటే రెండూ. నాకైతే ఆ 10 అడుగుల లెక్క మనం కూడ పట్టుకుంటే మంచిదనిపిస్తది.

డాబా మీదైతే వాటర్ ట్యాంక్, సోలార్ ప్యానెల్స్, ఇంటర్నెట్ వైర్లు, షేడ్ నెట్ వీటన్నిటికి దూరంగ, గాలి తక్కువున్న మూల చూసి పెట్టండి. బొగ్గులు అంటుకోవాలంటే కర్పూరం బిళ్లలు, కొబ్బరి పీచు చాలు. పెట్రోల్ గాని శానిటైజర్ గాని పొయ్యొద్దు, అందులో శానిటైజర్ మంట సరిగ్గ కనపడది కూడ, ఆరిందనుకొని మళ్ల పోస్తే సీసా దాక వస్తది. కొవ్వు కారి మంట లేస్తే నీళ్లు కొట్టొద్దు, మూత పెట్టేయండి, మూత లేకపోతే ఇసుక. బకెట్ ఇసుక, బకెట్ నీళ్లు, కారిడార్ల ఉన్న ఏబీసీ ఎక్స్‌టింగ్విషర్ (మంట ఆర్పే పొడి ఉండే ఎర్ర సిలిండర్) ఇవన్ని ముందే దగ్గర పెట్టుకోండి, పిన్ తీసుడు ఒక్కరికన్న రావాలె. ముఖ్యంగ డాబా తలుపుకి తాళం వేయొద్దు.

అసలు భయం దావత్ అయిపోయినంక. బూడిద కింద నిప్పు తెల్లారి దాక కూడ ఉంటది, దాన్ని తీసుకపోయి ప్లాస్టిక్ డస్ట్‌బిన్‌లనో చెత్త ఆటోలనో పోస్తరు. నీళ్లు బాగ పోసి, కలిపి, మళ్ల పోసి, ఇనుప డబ్బల ఒక రోజు ఉంచి అప్పుడు పారేయండి.

మంట చేయిదాటితే లిఫ్ట్ ఎక్కకుండ మెట్ల మీదికెల్లి కిందికి దిగి 101కో 112కో ఫోన్ కొట్టండి. గేటు ముంగట బండ్లు అడ్డం ఉంటే ఫైరింజన్ లోపలికి రాదు, ఆ రాత్రి పార్కింగ్ ఎవరు చూస్కుంటరో అసోసియేషన్ వాళ్లు ఇప్పుడే పేరు రాసిపెట్టండి, బాల్కనీల గ్రిల్ వద్దన్న మాట కూడ అదే నోటీసుల పెట్టి లిఫ్ట్ కాడ అతికించండి.