నాలుగ్గంటలకోసారి అలారం

ఆ రోజు ఆదివారం, పెసరట్లు పోస్తున్నా. పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్దుతుంటే తల వెనక రోకలితో మోదినట్టయింది. మామూలుగా నాకు తలనొప్పంటే మెల్లిగా మొదలై సాయంత్రానికి పెరిగేది, ఇది అలా కాదు, ఒక్క క్షణంలోనే మొత్తం వచ్చేసింది. గట్టు పట్టుకుని కింద కూచున్నా, రెండు వాంతులు. అత్తయ్య పైత్యమే అని జీలకర్ర నీళ్ళిచ్చింది, మా ఆయన వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన గ్యాస్ అని ఒక ఇంజెక్షన్, నొప్పికి ఒకటి వేసి పంపించాడు. వాళ్ళని అని ఏం లాభంలే, నేను కూడా గ్యాసే అనుకున్నా. కానీ ఆ రాత్రి మెడ వంచలేకపోయా, గడ్డం గుండెకి ఆనట్లేదు, లైటు చూస్తే కళ్ళు మండిపోతున్నాయి.

మర్నాడు పొద్దున నేను మత్తుగా మాట్లాడుతున్నానని మా మరిది గొడవ చేసి ఖమ్మం తీసుకెళ్ళి సీటీ తీయించాడు. ఫిల్ములో మెదడు కింద నల్లగా ఉండాల్సిన నీళ్ళ జాగా అంతా నక్షత్రంలా తెల్లగా ఉందంట, అదంతా రక్తమే. హైదరాబాద్ తీసుకెళ్ళండి, ఒకసారి పగిలింది మళ్ళీ పగలొచ్చు, మొదటి 24 గంటల్లోనే భయం ఎక్కువ అన్నారంట, ఇక అంబులెన్స్‌లో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మా ఆయన నా తల రెండు చేతుల్తో పట్టుకున్నాడంట, నాకేం గుర్తులేదు.

అన్యూరిజం అంటే ఏంటో అక్కడి డాక్టరు గారు మా ఆయనకి సైకిల్ ట్యూబుతో చెప్పారు. పాత ట్యూబు ఒకచోట పల్చబడి బుడగలా ఉబ్బుతుంది కదా, మెదడు ముందువైపు రక్తనాళాలు కలిసే చోట నాకు అలాంటి బుడగ ఉంది, 6 మిల్లీమీటర్లు, అది చిట్లింది. పుర్రె తెరిచి క్లిప్ పెట్టొచ్చు, లేదా గజ్జల్లోంచి సన్న గొట్టం పైదాకా పంపి బుడగలో ప్లాటినం తీగ చుట్టలుగా నింపొచ్చు. నాకు రెండోది చేశారు. నా ఒంట్లో బంగారం కంటే ప్లాటినమే ఎక్కువ ఇప్పుడు అని మా ఆడపడుచు నవ్వుతుంది.

ఆపరేషన్ అయితే అయిపోయింది అనుకున్నాం, అసలు కష్టం అప్పుడే మొదలైంది. బయటికొచ్చిన రక్తం వల్ల నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా మంచి నాళాలు కూడా బిగుసుకుపోవచ్చంట, అలా అయితే చెయ్యో కాలో పడిపోతుంది. దానికి నిమోడిపిన్ బిళ్ళలు నాలుగ్గంటలకోసారి రెండేసి, 21 రోజులు, రాత్రి కూడా. డిశ్చార్జ్ అయ్యాక మా ఆయన ఫోన్లో ఆరు అలారాలు పెట్టాడు. రాత్రి రెండింటికి ఆ ట్యూన్ మోగ్గానే లేచి, లైటు వేస్తే నాకు పడదని ఫోన్ వెలుతుర్లోనే బిళ్ళలు చింపేవాడు, నా నోట్లో వేసి నీళ్ళు తాగించి, "ఏదీ నవ్వు, చేతులు పైకెత్తు" అనేవాడు. నిద్రమత్తులో రెండు చేతులూ ఎత్తి ఇకిలించేదాన్ని. ఎందుకో అప్పుడు తెలీదు. మూతి వంకర పోయిందా, ఒక చెయ్యి దిగజారుతుందా అని చూసుకునేవాడంట.

చూసినవాళ్ళంతా బాగానే ఉన్నావుగా అంటారు. పైకి ఏం కనపడదు మరి. చారులో ఉప్పు రెండుసార్లు వేస్తా, కాసేపు నలుగురు మాట్లాడితే తల బరువెక్కి పడుకోవాలి. ఆర్నెల్లకి మళ్ళీ యాంజియో చేసి బుడగ పూర్తిగా మూసుకుందన్నారు.

డాక్టరు గారు బీపీ ఉందా అని అడిగితే మా ఆయన లేదన్నాడంట. ఉంది. రెండేళ్ళ కింద చెప్పారు, రెండు నెలలు వాడి, బాగానే ఉందని నేనే ఆపేశా, ఇంట్లో చెప్పలేదు. ఐసీయూ నుంచి వచ్చాక చెప్పా. ఆయన ఏం అనలేదు. 21 రోజులు అయ్యాక అలారాలన్నీ తీసేశాడు, పొద్దున ఆరింటిది ఒక్కటి ఉంచాడు, బీపీ బిళ్ళకి. ఆ ట్యూన్ మార్చవయ్యా అంటే మార్చడు.