కాలువలకో ఓటు

2023 మార్చిలో మా అక్క కూతురు నెదర్లాండ్స్ నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పెట్టింది. ఓటరు స్లిప్పులాంటి కాగితం. "మావయ్యా, నాకిక్కడ ఓటొచ్చింది" అంది. పాస్‌పోర్టు ఇంకా మనదేగా, ఓటేంటే అన్నాను. "దేశానికి కాదు, కాలువలకి!"

ఆ కాలువల్ని చూసుకునే బోర్డుల్ని వాటర్‌స్కాప్‌లు అంటారట. దేశమంతా కలిపి 21. కట్టలు, కాలువలు, మురుగునీటి శుద్ధి వీటి పని. ఇళ్లకీ భూములకీ పన్ను కూడా వీళ్లే వేస్తారు. అక్కడ రెసిడెన్స్ పర్మిట్‌తో ఉంటున్నవాళ్లకీ ఓటుంటుంది. నాలుగేళ్లకోసారి ఎన్నిక, పార్టీలు పోటీ చేస్తాయి. ఒక్కో బోర్డులో రైతులకు రెండు సీట్లు, ప్రకృతి సంరక్షణ వాళ్లకు రెండు ఓటింగ్ లేకుండానే పక్కన పెడతారు. ఒక్కో బోర్డుకీ పెద్దగా కూర్చునే డైక్‌గ్రాఫ్‌ని మాత్రం రాజుగారు నియమిస్తారు. ఇదేం ప్రజాస్వామ్యమో అనుకున్నాను గానీ, మన సంగతి చూసుకున్నాక నోరు మూసుకున్నాను.

హైదరాబాద్‌లోనూ వాటర్ బోర్డు ఉంది. 1989 చట్టంతో వచ్చింది. ఛైర్మన్ ముఖ్యమంత్రి. బోర్డుకంటూ విడిగా మనం వేసే ఓటేమీ లేదు. వాననీటి నాలాలు జీహెచ్‌ఎంసీ కింద. అక్కడ ఓటుంది. 2020 అక్టోబరులో ఊరు మునిగింది, డిసెంబరులో 150 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి, ఓటర్లలో సగం మంది కూడా పోలింగ్‌కి వెళ్లలేదు. నేను వెళ్లాను. కానీ ఇంటికొచ్చిన అభ్యర్థిని నాలా గురించి ఒక్క ముక్క అడగలేదు. ఫోటో దిగాను.

మా నాన్నకి ఈ విషయంలో నాకన్నా తెలివుంది. కృష్ణా డెల్టాలో రెండెకరాల రైతు. 1997లో నీటి సంఘాల ఎన్నికలొస్తే పంచె మార్చుకుని మరీ వెళ్లాడు. పదెకరాల ఆసామికీ ఒకటే ఓటు, తనకీ ఒకటే. అది ఆయనకి మహా నచ్చింది.

ఇక మా అపార్ట్‌మెంట్. రామంతాపూర్‌లో పద్ధెనిమిది ఫ్లాట్లు, నేను సెక్రటరీ. మొన్న జూలైలో గట్టి వాన పడితే గేటు ముందు మ్యాన్‌హోల్ మూత లేచి పక్కకి జరిగింది, గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూముల్లోకి మురుగు ఎదురు తన్నింది. ప్లంబర్ చూసి నవ్వాడు. టెర్రస్ మీది వాననీళ్ల పైపుని బిల్డరెవరో తిన్నగా డ్రైనేజీ లైన్‌లో కలిపేశాడు. పన్నెండేళ్లుగా ఎవరం చూసుకోలేదు. తప్పు మాదే.

విడగొట్టడానికి ముప్పై ఎనిమిది వేలు. మీటింగ్ పెట్టాను. పదకొండు మంది వచ్చారు. నాలుగో అంతస్తాయన, "మా ఇంట్లోకి నీళ్లు రాలేదు కదండీ, వచ్చినవాళ్లు కట్టుకోవాలి" అన్నాడు. గ్రౌండ్ ఫ్లోర్ ఆవిడ, "ఆ నీళ్లు మీ నెత్తి మీంచి వచ్చినవే అన్నయ్యగారూ" అంది. ఫ్లాటుకింతా, చదరపు అడుక్కింతా అని గంటన్నర. చివరికి చేతులెత్తించాం. ఫ్లాటుకింత అన్నవాళ్లు ఆరుగురు, అడుక్కింత అన్నవాళ్లు ఐదుగురు.

రాని ఏడుగురిలో ముగ్గురు ఇంకా డబ్బులివ్వలేదు. పైపు మాత్రం వేరు చేయించాం. ఇప్పుడు టెర్రస్ నీళ్లు సెల్లార్ పక్కన ఇంకుడు గుంతలోకి పోతున్నాయి. నాలుగో అంతస్తాయన కారు పెట్టుకునే చోటు పక్కనే అది.