భూమి లేని మత్స్యకార కుటుంబంగా పునరావాస జాబితాలో చేరిన నా అనుభవం

మా తీర గ్రామాన్ని ఆనుకుని పారిశ్రామికవాడ కోసం భూసేకరణ మొదలైనప్పుడు, సర్వే సిబ్బంది తయారుచేసిన తొలి జాబితాలో పట్టాదారుల పేర్లు మాత్రమే ఉన్నాయి. తరతరాలుగా వేట మీద బతుకుతున్న మా కుటుంబానికి సెంటు భూమి కూడా లేదు. పడవలు నిలిపే, వలలు ఆరబెట్టే, చేపలు ఎండబెట్టే ఇసుక నేల రెవెన్యూ రికార్డుల్లో ప్రభుత్వ పోరంబోకుగా ఉంది. ఆ నేల పోతే మా ఉపాధి పోతుందని విన్నవించినా, మీ భూమి తీసుకోవడం లేదు కదా అన్న సమాధానమే వచ్చింది.

ఆ సమాధానం చట్టానికి విరుద్ధమని మాకు చెప్పినవారు మత్స్యకార సహకార సంఘంలో లెక్కలు చూసే పెద్దాయన. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 నాటి భూసేకరణ చట్టం, బాధిత కుటుంబమంటే భూయజమాని కుటుంబమని మాత్రమే అనలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ప్రధానంగా అడవి మీదో జలవనరుల మీదో ఆధారపడి బతుకుతూ, సేకరణ వల్ల ఆ ఉపాధి దెబ్బతినే కుటుంబాలను కూడా మూడో సెక్షన్ బాధిత కుటుంబాలుగానే గుర్తిస్తుంది. అందులో మత్స్యకారుల ప్రస్తావన స్పష్టంగా ఉంది. మా దరఖాస్తు మొత్తాన్ని ఆ వాక్యం ఆధారంగానే రాశాము.

అసలు కష్టం మూడేళ్ల వేటను కాగితం మీద రుజువు చేయడంలో ఎదురైంది. పడవ రిజిస్ట్రేషన్ పత్రం, సంఘం సభ్యత్వ పుస్తకం జత చేసినా, అవి వేట ఏటా సాగుతోందని చెప్పవని వెనక్కి పంపారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి నాన్నగారి బ్యాంకు ఖాతాలో ఏటా జమ అయింది. ఆ పద్దులు ముద్రించిన పాస్‌బుక్కు పేజీలు ఇచ్చిన తరువాత ఆయన విషయంలో మరో ప్రశ్న రాలేదు. ఇలాంటి స్థితిలో ఉన్నవారు అన్నిటికన్నా ముందు ఆ పేజీలను భద్రపరచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మా మేనత్త విషయం ఇంత సులువుగా తేలలేదు. ఆమె భర్త పోయినప్పటినుంచి ఎండుచేపలు అమ్ముకుని బతుకుతోంది. వితంతువును ప్రత్యేక కుటుంబంగా పరిగణించాలని చట్టం చెబుతున్నా, ఆడవారి పనికి పడవ ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు, భృతి ఉండదు. చివరికి డ్వాక్రా సంఘం రుణపత్రాల్లో ఎండుచేపల వ్యాపారం కోసమని రాసి ఉండటం ఆమెకు ఆధారమైంది. చేపలు ఎండబెట్టే స్థలాలను తీరప్రాంత నిర్వహణ ప్రణాళిక పటాల్లో చూపించాలని 2011 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన నిర్దేశించింది కాబట్టి, ఆ పటం నకలు తెప్పించి మా ఎండబెట్టే దిబ్బ సేకరణ హద్దుల్లోనే ఉందని చూపించాము.

పునరావాస ముసాయిదాను గ్రామసభలో చర్చించిన రోజున మేనత్త స్వయంగా లేచి మాట్లాడింది. తుది జాబితాలో మా కుటుంబం పేరుతో పాటు ఆమె పేరు విడిగా వచ్చింది. ఉద్యోగం, 5 లక్షల రూపాయల ఏకమొత్తం, 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2,000 రూపాయలు అన్న మూడింటిలో ఆమె నెలవారీ చెల్లింపును ఎంచుకుంది. ధరల సూచీని బట్టి అది పెరగాలని చట్టంలో ఉండటం ఆ ఎంపికకు ముఖ్య కారణం. తమ్ముడికి మాత్రం శిక్షణతో కూడిన ఉద్యోగమే కోరాము.

సొంత పడవ లేకుండా వాటా మీద వేటకు వెళ్లే కళాసీల దరఖాస్తులు ఇంకా పరిశీలనలోనే ఉన్నాయి. వారి వాటాల లెక్కలు పడవ యజమానుల పుస్తకాల్లో ఉన్నాయి కాబట్టి, వాటి నకళ్లను సంఘం ధ్రువీకరణతో ఇప్పుడు సిద్ధం చేస్తున్నాము.