ఆమెను మీరు చూశారా?

శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి మందుల షాపు నుంచి ఫోన్ వచ్చింది. ఫార్మసిస్ట్ గొంతులో కోపమేమీ లేదు. "మీరు రాసిన ట్రైమెథోప్రిమ్ గురించండీ. ఆమెను మీరు చూశారా?" అన్నాడు.

చూడలేదు. పక్క గదిలో నర్సు చూసింది. నేనూ నర్సునే. ఇంగ్లండ్‌లో అర్హత తెచ్చుకున్న నర్సులు మందులు రాయొచ్చు. ఆ అర్హత ఆమెకి లేదు, నాకుంది. తలుపు తీసి తల లోపలికి పెట్టి, "యూరిన్ ఇన్ఫెక్షన్, యాభై ఆరేళ్ళు, అలర్జీలు లేవు, మూడు రోజులకి రాసిపెడతావా" అంది. నాకు బయట ఇంకా నలుగురు ఎదురుచూస్తున్నారు. స్క్రీన్ మీద మందుల లిస్టు చూశాను, అడ్డేమీ కనిపించలేదు. ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్, 200 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. బటన్ నొక్కాను. చీటీ నా పేరుతో నేరుగా షాపుకి వెళ్ళిపోయింది.

ఆమె కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతోంది. అది ఇచ్చేది ఆస్పత్రి వాళ్ళు కాబట్టి మా లిస్టులోకి ఎక్కలేదు. వాళ్ళు పంపిన ఉత్తరం మాత్రం స్కాన్ చేసి ఫైల్లోనే ఉంది. నేను తెరవలేదు. ఈ రెండు మందులూ ఒంట్లో ఫోలేట్ మీదే, అంటే రక్తకణాలు తయారవడానికి కావలసిన విటమిన్ మీదే, దెబ్బ కొడతాయి. కలిస్తే ఎముక మజ్జ పనిచేయడం మానేసి రక్తకణాలు పడిపోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. నాకు తెలియనిది కాదు, పరీక్షకి చదివి రాసిందే. షాపతను మాత్రలు కవర్లో పెడుతూ ఆమె చేతులు చూశాడట. అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగిన వేళ్ళు. "వీటికేం వాడుతున్నారు?" అని అడిగాడట.

కుర్చీలో నా ఎదురుగా కూర్చుని ఉంటే ఆ వేళ్ళు నాకూ కనిపించేవి.

సోమవారం సీనియర్ డాక్టరు పిలిచారు. మన దగ్గరైతే అందరి ముందూ నాలుగు తిట్టేవాళ్ళు, సాయంత్రం టీ టైముకి మర్చిపోయేవాళ్ళు. ఇక్కడ కాఫీ ఇచ్చి, తలుపు వేసి, "చెప్పిందెవరైనా సరే, సంతకం మీది" అన్నారు. తర్వాత దాన్ని 'లెర్నింగ్ ఈవెంట్' అని రాసి మీటింగులో పెట్టారు. పేర్లు లేవు. అయినా అందరికీ తెలుసు. తిట్టేసి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేదేమో.

(ఇక్కడ ఇలాంటి చిన్న క్లినిక్కుని 'సర్జరీ' అంటారు. నేను సర్జరీలో పనిచేస్తున్నానంటే మా అమ్మ ఏడాది పాటు ఊరందరికీ ఆపరేషన్లు చేస్తున్నానని చెప్పింది.)

నాకు బాగా గుచ్చుకున్నది ఇంకోటుంది. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చేసి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఐదేళ్ళు చేశాను. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు నిద్రమత్తులో, "మామూలుగా ఇచ్చేదే ఇచ్చేయండి సిస్టర్" అనేవాడు. పొద్దున రౌండ్సుకి ముందు కేస్ షీట్లన్నీ వరసగా పెడితే గబగబా సంతకాలు పెట్టేవాడు. కొత్త డాక్టర్లయితే డోసు కూడా మమ్మల్నే అడిగి రాసేవాళ్ళు. మాట మాది, సంతకం వాళ్ళది. ఇంగ్లండ్ వచ్చాక కూడా ఆ ఉక్రోషం పోలేదు. ఎప్పటికైనా పెన్ను నా చేతికి రావాలనుకున్నాను.

వచ్చింది. ఇరవై ఆరు రోజుల చదువు, తొంభై గంటలు ఒకరి పర్యవేక్షణలో ప్రాక్టీసు, ఫార్మకాలజీలో 80 మార్కులు, డోసుల లెక్కల్లో నూటికి నూరు. తొంభై తొమ్మిదొచ్చినా ఫెయిలే. లెక్కల్లో నూరు నాకు జీవితంలో అదే మొదలు.

ఈ దేశంలో నర్సులకి ఈ హక్కు ఎలా వచ్చిందో కోర్సులో చెప్పారు. 1986లో జూలియా కంబర్లెజ్ కమిటీ ఊళ్ళలో పనిచేసే నర్సుల సంగతి చూసింది. ఇళ్ళకెళ్ళి పుళ్ళకి కట్లు కట్టే నర్సులు ఏ డ్రెస్సింగ్ కావాలో తామే తేల్చేవాళ్ళు. దానికి సంతకం కోసం మాత్రం డాక్టరు గది బయట పడిగాపులు పడేవాళ్ళు. పేషెంటుని చూడని మనిషి చూసిన మనిషి మాట మీద సంతకం పెట్టే తంతు అది. 1992లో చట్టం వచ్చింది, 1994లో ఎనిమిది చోట్ల ప్రయోగం చేశారు. చివరికి 2006 మేలో అర్హత ఉన్న నర్సులకి దాదాపు అన్ని మందులూ రాసే వీలిచ్చారు. 2012లో మార్ఫిన్ లాంటివీ చేరాయి. ఇరవై ఏళ్ళు కొట్లాడి ఆ తంతు వదిలించుకుంటే, నేను శుక్రవారం నాడు అదే తంతు మళ్ళీ చేశాను. గుంటూరులో నేను తిట్టుకున్న డ్యూటీ డాక్టరు కుర్చీలో ఈసారి నేనున్నాను.

నా తరఫున నేనూ కొంచెం వాదించుకోవాలి కదా. మనిషికి పది నిమిషాలు. డాక్టర్లు దొరక్క మా మీద పడుతున్న పని ఇది, దీనికోసం జీతం పెన్నీ పెరగలేదు. నెలనెలా వెళ్ళే మందులకి డాక్టర్లు మాత్రం ప్రతి మనిషినీ పిలిచి చూస్తున్నారా? అలాంటివి రోజుకి డజన్ల కొద్దీ సంతకాలు పెడతారు. పక్క గది నర్సు నాకంటే సీనియర్, నేను కాదంటే నీ మాట మీద నమ్మకం లేదన్నట్టుంటుంది. ఇవన్నీ నిజాలే. సీనియర్ డాక్టరు ముందు మాత్రం ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

మన దగ్గర 2019లో మెడికల్ కమిషన్ చట్టం 32వ సెక్షన్లో కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకి (డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందికి) పరిమితంగా మందులు రాసే వీలు పెడితే డాక్టర్లు సమ్మెకి దిగారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. నాతో చదివినమ్మాయి ఇప్పుడు మా వైపు విలేజ్ క్లినిక్కులో ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్. నాలుగేళ్ళు బీఎస్సీ చదివి, లిస్టులో ఉన్న మందులే ఇస్తుంది, అనుమానమొస్తే డాక్టరుకి ఆన్‌లైన్లో చూపిస్తుంది. అదే ఊళ్ళో ఆర్‌ఎంపీ ఏ చదువూ లేకుండా స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచేస్తాడు. జనం ఆయన్ని "డాక్టరు గారూ" అంటారు, దాన్ని "ఏమ్మా నర్సమ్మా" అంటారు. ఆ మంట ఇంకా అలాగే ఉంది. కానీ సమ్మె చేసిన వాళ్ళ భయాన్ని ఇదివరకటిలా ఒక్క మాటతో కొట్టిపారేయలేకపోతున్నాను.

మన వాళ్ళకి ఇది చెప్పడం ఇంకో తలనొప్పి. ఉగాది కలయికలో పులిహోర ప్లేటు చేతిలో ఉండగానే, "వదినా, బాబుకి దగ్గు తగ్గట్లేదు, యాంటీబయాటిక్ రాసి పంపవూ" అంటారు. అయినవాళ్ళకి వీలైనంతవరకూ రాయకూడదని మా నర్సింగ్ కౌన్సిల్ నియమం అంటే మొహం మాడ్చుకుంటారు. ఇంత చదివి నీ వల్ల ఉపయోగమేంటన్నట్టు.

ఆ పేషెంటు బుధవారం వచ్చింది. షాపతను ఆపేయడం వల్ల ఒక్క మాత్రా మింగలేదు. క్షమించమన్నాను, జరిగింది జరిగినట్టు చెప్పాను. "పోన్లే, ఈసారి చూశావుగా" అని చేతులు బల్ల మీద పెట్టింది. బొటనవేలు చూపుడువేలిని అందుకోదు. చొక్కా గుండీలు వాళ్ళాయనే పెడతాడట.

ఆ రాత్రి నాన్న ఫోన్. కాళ్ళు వాస్తే ఆర్‌ఎంపీ నీరు పోయే బిళ్ళ ఇచ్చాడట, వేసుకోవచ్చా అని. అట్ట ఫోటో అప్పటికే వాట్సాప్‌లో పంపాడు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా పాదాలు వాస్తాయి. గుండెలో, కిడ్నీలో తేడా ఉన్నా వాస్తాయి. మామూలుగా అయితే ఆ ఫోటో చూసి ఏదో ఒకటి చెప్పేసేదాన్ని.

"రేపు పేట వెళ్ళి డాక్టరుకి చూపించుకో నాన్నా. ముందు వీడియో ఆన్ చెయ్యి, నీ పాదాలు చూడాలి."

"బిళ్ళ వేసుకోవాలా వద్దా చెప్పమంటే పాదాలెందుకే" అని విసుక్కుంటూనే ఆన్ చేశాడు. కెమెరా తిప్పడం రాక చాలాసేపు సీలింగ్ ఫ్యాన్ చూపించాడు.