నీలం రంగు చూసి మోసపోయాం: మా చెరువు ఊట వెతికిన అనుభవం

మాది విజయనగరం జిల్లా, గరివిడి పక్క పల్లె. మే నెలలో చుట్టుపక్కల చెరువులన్నీ నెర్రెలిచ్చినా మా చెరువులో మోకాలి లోతు నీళ్ళుంటాయి. అడుగున ఊట ఉందని అందరికీ తెలుసు. ఎటునుంచి వస్తోందో మాత్రం ఎవరికీ తెలీదు. ఈ ఏడు పూడిక తీస్తామన్నారు. కొండ కింద తోటలో లోతు బోర్లు వేయాలని ఒకాయన తిరుగుతున్నాడు. ఊట దారి తెలియకుండా ఇందులో ఏది జరిగినా చెరువు పోయినట్టే. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కదా, నేలలోకి కరెంటు పంపి నీటిజాడ వెతికే సర్వే చేయించే పని నేనే నెత్తినేసుకున్నాను. చందాలు రెండు రోజుల్లో వచ్చేశాయి.

మిషను అద్దెకిచ్చినాయన పొద్దున్నే వచ్చాడు. నాలుగు ఇనప కడ్డీలు సమదూరంలో పాతి, బయటి రెంటికీ కరెంటిచ్చి, లోపలి రెంటి మధ్య వోల్టేజి చూశాం. 1915లో ఫ్రాంక్ వెన్నర్ అనే శాస్త్రవేత్త చెప్పిన అమరిక ఇది. ఎండిన నేలలోకి కరెంటు దిగక కడ్డీల మొదట్లో ఉప్పునీళ్ళు పోశాం. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్‌లో రంగుల బొమ్మ వచ్చింది. తూర్పు వైపు ముదురు నీలం. "అదే సార్ ఊట" అని డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఊరంతా చూస్తుండగా అక్కడ తవ్వించాను. పదకొండు అడుగులు. పలుగుకి అంటుకుని వదలని బూడిదరంగు బంకమట్టి. చెమ్మ ఉంది గానీ చుక్క నీరు ఊరలేదు. గోతి అంచున కూర్చున్న పెద్దాయన పిడికెడు మట్టి తీసి నా చేతిలో పెట్టి, "మట్టి సూపించడానికేటి మాస్టారూ, మాకాడ డబ్బులు తీసుకున్నారు?" అన్నారు. నా దగ్గర చదువుకున్న పిల్లలు అక్కడే ఉన్నారు. తల దించుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

కారణం తర్వాత తెలిసింది. నిరోధం తక్కువున్న చోటల్లా, అంటే కరెంటు తేలిగ్గా పారే చోటల్లా, ఆ సాఫ్ట్‌వేరు నీలం పూస్తుంది, అంతే. అది నీళ్ళ రంగు కాదు. బంకమట్టి రేణువులను అంటుకున్న అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) కూడా కరెంటును మోస్తాయి. మాకక్కడ వచ్చింది 9 ఓమ్-మీటర్లు. మంచినీళ్ళతో తడిసిన ఇసుకైతే చాలాసార్లు అంతకంటే బాగా ఎక్కువే చూపిస్తుంది. మా కొండల్లోని ఖోండలైట్ రాయి శిథిలమైతే మిగిలేది చాలావరకు బంకమట్టే. దానికి తోడు మా వైపు మాంగనీసు కూడా ఉంది, ముడిఖనిజమూ నిరోధం తగ్గించి చూపించగలదు. రోజూ మిషను పట్టుకు తిరిగేవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను. రంగుల బొమ్మ చేతికిచ్చి పక్కన మట్టి సంగతి చెప్పనివాడికి పైసా ఇవ్వకండి.

తర్వాతదంతా నేనే చేశాను. మట్టిలోంచి నీళ్ళు పారేటప్పుడు చిన్న వోల్టేజి పుడుతుంది. ఇనప కడ్డీలు పెడితే వాటి సొంత వోల్టేజి కలిసిపోతుంది. అందుకే ల్యాబులో మూలపడ్డ డానియల్ సెల్ (పాతకాలం బ్యాటరీ) మట్టిపాత్రలు రెండు తెచ్చి, మైలుతుత్తం ద్రావణం పోసి, రాగి కడ్డీలు ముంచి ఒడ్డంతా కొలిచాను. కొండవైపు పడమటి మూలలో 18 మిల్లీవోల్టులు పెరిగింది. తెల్లవారుజామున థర్మామీటరు జానెడు లోతు గుచ్చి చూస్తే మిగతా చోట్ల 30 డిగ్రీలు, ఆ మూలన పది గజాల మేర 28. భూగర్భజలం ఎండాకాలంలో చెరువు నీటికన్నా చల్లగా ఉంటుంది.

అయినా ఈసారి తవ్వించలేదు. నూనె డ్రమ్ము అడుగు భాగం కోయించి అక్కడ బోర్లించి, దానికి పెట్టిన గొట్టానికి అర లీటరు నీళ్ళున్న ప్లాస్టిక్ సంచి కట్టాను. అడుగునుంచి ఊరే నీరు ఆ సంచిలోకి చేరుతుంది. 1977లో డేవిడ్ లీ అనే శాస్త్రవేత్త వివరించిన పద్ధతి. సంచి ఖాళీగా కట్టకూడదు, లెక్క తప్పుతుంది. రెండు గంటల తర్వాత కొలిస్తే లీటరుంపావు.

ఆ కొలత పెద్దాయన చేతే చేయించాను. మౌనంగా చెరువులోకి దిగి, చల్లటి చోటు చుట్టూ నాలుగు రాళ్ళు ఆయనే పాతారు. పూడిక తీసే జేసీబీ ఆ రాళ్ళు దాటలేదు. బోర్ల మీద వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద అర్జీ పెట్టి పన్నెండు రోజులైంది, ఇంకా ఎవరూ పలకలేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాను, పెద్దాయన కూడా వస్తానన్నారు.