తొమ్మిదో రోజు జ్వరం

గడ్డలున్నాయని గర్భసంచి తీయించుకుని అయిదో రోజున ఇంటికొచ్చాను. తొమ్మిదో రోజు రాత్రి వణుకుతో చలిజ్వరం. పొత్తికడుపులో బరువు, కూర్చుంటే కింద ఏదో ఒత్తుతున్నట్టు. "పెద్దాపరేషన్ కదమ్మా, మామూలే" అని మా వీధి ఆర్ఎంపీ జ్వరం మాత్రలిచ్చారు. వాటితో రెండు రోజులు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధే. మూడో రోజు వాసనతో ముదురు రంగు తడి కనపడేసరికి అక్క కారు మాట్లాడి తెనాలి నుంచి గుంటూరు తీసుకెళ్లింది.

పైన కుట్లు శుభ్రంగానే ఉన్నాయి. అయినా డాక్టరుగారు స్కానింగుకి రాశారు. మూత్రం ఆపుకుని బెంచీ మీద కూర్చున్నాను. చుట్టూ గర్భిణులే, ఎదుట గోడకి లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు. వాళ్ల మధ్య అలా కూర్చోవడం ఆ రోజు చాలా కష్టమైంది.

పొట్ట మీద చూశాక మూత్రానికి వెళ్లి రమ్మన్నారు. లోపల ఎంత మిగిలిందో కొలిచి, తర్వాత యోని ద్వారా ప్రోబ్ పెట్టి చూశారు. ఒత్తిడే గానీ అంత నొప్పి లేదు. స్క్రీన్ నావైపు తిప్పారు. నల్లటి మచ్చ, అందులో సాలెగూడులా తెల్లటి పోగులు. గర్భసంచి తీసి కుట్టిన చోట రక్తం ఊరి, బయటికి దారి లేక నిలిచిపోయిందట. 6 సెంటీమీటర్లు. అది వట్టి రక్తమా, చీము పట్టిందా అన్నది స్కాన్ ఒక్కటే తేల్చదట. జ్వరం, పెరిగిన తెల్లకణాలు చూసి చీమే అనుకున్నారు.

ఆ తర్వాత మళ్లీ పొట్ట మీద వాడిన ప్రోబ్ తీసుకుని, నడుము పక్కలకి తెచ్చి రెండు కిడ్నీలూ చూశారు. అవెందుకండీ అన్నాను.

"గర్భసంచికి వెళ్లే రక్తనాళం కిందనుంచే, కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం పోతుందమ్మా. అది కుట్టులో పడితే కిడ్నీ ఉబ్బుతుంది. మీకు ఉబ్బు లేదు."

అప్పుడు కాస్త ప్రాణం కుదుటపడింది.

రెండు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేసినా జ్వరం దిగలేదు. మత్తిచ్చి, స్కాన్‌లో చూసుకుంటూ కిందనుంచే సూది పెట్టి లాగారు. దాదాపు 70 మిల్లీలీటర్లు, చిక్కటి ఇటుకరంగు. ఏ క్రిములున్నాయో చూడ్డానికి కొంత కల్చర్ పరీక్షకి పంపారు. మర్నాటి తెల్లారేసరికి ఒళ్లు చల్లబడింది, ఆకలేసింది, అక్క చేత్తో ఇడ్లీ తిన్నాను.

రెండు వారాలకి మచ్చ 2 సెంటీమీటర్లకి దిగింది. ఆరు వారాలకి అసలు కనపడలేదు. ఆ చివరిసారి డాక్టరుగారు లేవబోతుంటే, కిడ్నీలు కూడా ఒకసారి చూడండి అని నేనే అడిగాను. మళ్లీ జెల్లీ రాసి రెండూ చూపించారు.